సేవ్ చేసిన రిమోట్ డెస్క్‌టాప్ పాస్‌వర్డ్ మర్చిపోయారా? సమస్య - పరిష్కారం

రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఇక్కడి నుంచే మరో విండోస్ కంప్యూటర్‌లోకి వెళ్లే సాఫ్ట్‌వేర్. అందులో దాచిన పాస్‌వర్డ్ కోసం రికవరీ టూల్ వెతికే ముందు ఒక్క పని చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద "టెర్మ్‌సర్వ్/" (TERMSRV/) అని మొదలయ్యే ఎంట్రీలు ఏమున్నాయో చూడండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో "రిమెంబర్ మీ" టిక్ పెట్టి దాచినవన్నీ ఇక్కడికే వస్తాయి. అర నిమిషం పట్టదు. అయినా ఇది చూడకుండానే ఊరూపేరూ లేని సైట్ల నుంచి టూల్స్ దించుకుని, ఉన్న పాస్‌వర్డ్‌లు కూడా పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

ఆర్‌డీపీ ఫైల్‌ని (రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ సెట్టింగులు దాచే ఫైల్) నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతకడం కూడా వృథా. విస్టా కాలం నుంచి పాస్‌వర్డ్ క్రెడెన్షియల్ మేనేజర్‌లోకే వెళ్తోంది. ఫైల్‌లో సర్వర్ అడ్రసు, యూజర్ పేరు, స్క్రీన్ సెట్టింగుల లాంటివి మిగులుతాయి, అంతే.

సమస్య: సేవ్ చేశాను, అయినా మళ్లీ అడుగుతోంది

"టెర్మ్‌సర్వ్/" తర్వాత ఉన్న పేరు, మీరు కంప్యూటర్ బాక్సులో కొడుతున్న పేరు అక్షరం తేడా లేకుండా ఒకటేనా? సర్వర్ పేరుతో సేవ్ చేసి ఐపీ అడ్రస్‌తో వెళ్తే, విండోస్ లెక్కలో అవి రెండు వేర్వేరు మెషిన్లు. పొట్టి పేరు, డొమైన్‌తో (ఆఫీసు నెట్‌వర్క్ పేరుతో) కలిపిన పూర్తి పేరు విషయంలోనూ అంతే. ఎంట్రీలో ఉన్న పేరుతోనే కనెక్ట్ అవండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

పేరు సరిపోయినా అడుగుతుంటే అది పాలసీ పని, అంటే అడ్మిన్ పెట్టిన నిబంధన. సర్వర్ వైపు "ఆల్వేస్ ప్రాంప్ట్ ఫర్ పాస్‌వర్డ్ అపాన్ కనెక్షన్" ఆన్‌లో ఉంటే మీరెన్నిసార్లు సేవ్ చేసినా అడుగుతూనే ఉంటుంది. "లాగాన్ అటెంప్ట్ ఫెయిల్డ్" అని వస్తే క్రెడెన్షియల్ గార్డ్ ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ 11 22హెచ్2 నుంచి ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో, తగిన హార్డ్‌వేర్ ఉంటే అది దానంతటదే ఆన్ అవుతుంది. సేవ్ చేసిన విండోస్ పాస్‌వర్డ్‌ని రిమోట్ మెషిన్‌కి పంపనివ్వదు. దాన్ని ఆపకండి, పాస్‌వర్డ్ చేత్తో కొట్టండి.

సమస్య: నిన్నటిదాకా అన్నీ వాటంతటవే కనెక్ట్ అయ్యాయి, ఇవాళ ఒక్కటీ అవడం లేదు

ఒక సర్వర్ కాదు, అన్నీ ఒకేసారి అడుగుతున్నాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా మాయం. కానీ వైఫై మాత్రం మామూలుగానే కలుస్తోంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ కంప్యూటర్ విండోస్ పాస్‌వర్డ్‌ని ఈమధ్య ఎవరైనా రీసెట్ చేశారా?

"మార్చాను" అంటారు చాలామంది. మార్చడం వేరు, రీసెట్ చేయడం వేరు. తేడా తెలియకపోవడమే అసలు ప్రమాదం. మీరు దాచిన ప్రతి పాస్‌వర్డునీ విండోస్ డీపీఏపీఐ అనే ఏర్పాటుతో తాళం వేసి పెడుతుంది. ఆ తాళాలకు ఒక మాస్టర్ కీ ఉంటుంది. అది మీ ప్రొఫైల్‌లోని ప్రొటెక్ట్ ఫోల్డర్‌లో, మీ లాగిన్ పాస్‌వర్డ్‌తోనే మళ్లీ తాళం వేసి ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి పాస్‌వర్డ్ మార్చినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ చేతిలో ఉంటాయి కాబట్టి, విండోస్ మాస్టర్ కీని పాతదాంతో తెరిచి కొత్తదాంతో మూసేస్తుంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో "సెట్ పాస్‌వర్డ్" కొట్టినా, నెట్ యూజర్ కమాండ్ వాడినా, బూట్ యూఎస్‌బీతో తుడిచేసినా పాతది ఎవరూ అడగరు. మాస్టర్ కీ పాత తాళంతోనే ఉండిపోతుంది. వైఫై కీలు మెషిన్ తాళంతో ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు. "సెట్ పాస్‌వర్డ్" నొక్కినప్పుడు విండోస్ హెచ్చరిక చూపిస్తుంది. అది చదవకుండా "ప్రొసీడ్" కొట్టేయడమే జరుగుతోంది.

ఇప్పుడు చేయాల్సింది: ముందు ఏదీ డిలీట్ చేయకండి, ఉన్న ఎంట్రీల మీద కొత్త పాస్‌వర్డ్‌లు సేవ్ చేయకండి. లోకల్ అకౌంట్ (ఈ కంప్యూటర్‌కే పరిమితమైనది) అయ్యుండి పాత విండోస్ పాస్‌వర్డ్ గుర్తుంటే, అదే పాత పాస్‌వర్డ్‌కి మళ్లీ రీసెట్ చేయించి, సైన్ అవుట్ అయి లోపలికి రండి. మాస్టర్ కీ తెరుచుకుంటుంది, దాచినవన్నీ తిరిగొస్తాయి. ఆ తర్వాత కంట్రోల్, ఆల్ట్, డిలీట్ దారిలో మార్చుకోండి. డొమైన్ అకౌంట్ (ఆఫీసు ఇచ్చినది) అయితే ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిసి సైన్ ఇన్ అవండి. ఆఫీసు అకౌంట్లన్నీ చూసుకునే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్ దగ్గర ఈ అవసరానికే ఒక బ్యాకప్ కీ ఉంటుంది. లోకల్ అకౌంట్, పాతది గుర్తులేదు అంటే మాత్రం ఆశ వదులుకుని ఒక్కో సర్వర్ పాస్‌వర్డూ కొత్తగా పెట్టించుకోవాలి.

క్రెడెన్షియల్స్ ఫోల్డర్‌ని కొత్త కంప్యూటర్‌కి కాపీ చేసుకుంటే రాదా? రాదు. యూజర్ పేరు ఒకటే అయినా లోపలి ఐడీ, మాస్టర్ కీ వేరు.

సమస్య: కనెక్ట్ అవుతోంది, పాస్‌వర్డ్ ఏమిటో మాత్రం తెలియదు

విండోస్ క్రెడెన్షియల్స్‌లో "షో" బటన్ ఉండదు, అది వెబ్ క్రెడెన్షియల్స్‌కే. ఎడిట్ నొక్కితే కనిపించే చుక్కల వెనక అసలు పాస్‌వర్డ్ ఉండదు, కాబట్టి చుక్కల్ని అక్షరాలుగా మార్చే టూల్స్ పనికిరావు. లోపలికి వెళ్లగలుగుతున్నారు కదా, అక్కడే కొత్తది పెట్టండి. రిమోట్ విండోలో కంట్రోల్, ఆల్ట్, ఎండ్ నొక్కితే పాతది అడుగుతుంది. అడ్మిన్ హక్కులుంటే అడగకుండా "సెట్ పాస్‌వర్డ్" చేయొచ్చు. కానీ అదీ రీసెటే. ఆ సర్వర్‌లో అదే అకౌంట్ కింద దాచినవన్నీ పైన చెప్పినట్టే పోతాయి. ఆ అకౌంట్‌తో నడిచే సర్వీసులు, షెడ్యూల్డ్ టాస్కులు ఉంటే వాటిలోనూ కొత్త పాస్‌వర్డ్ ఎక్కించాలి. లేకపోతే తర్వాతి రీస్టార్ట్‌కి సర్వీసులు లేవవు.

మిగతా సాఫ్ట్‌వేర్లు

సర్వర్‌కి ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా సులువు: సైట్ మేనేజర్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో పాస్ ట్యాగ్ మధ్య ఉన్నది బేస్64 మాత్రమే, అది తాళం కాదు, అక్షరాల రూపం మార్చడమే, డీకోడ్ చేస్తే వచ్చేస్తుంది. మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే అది కావాల్సిందే. అలాంటిదే అయిన విన్‌ఎస్‌సీపీలో సైట్ ఎంచుకుని "జెనరేట్ సెషన్ యూఆర్‌ఎల్" తెరిచి పాస్‌వర్డ్ టిక్ పెట్టండి. గుర్తులు మారి కనిపిస్తాయి, %40 అంటే @ అని చదువుకోవాలి. సర్వర్‌లో కమాండ్లు కొట్టే పుట్టీ సెషన్‌లో పాస్‌వర్డ్ దాచదు, వెతకొద్దు. లినక్స్‌లో రిమోట్ కనెక్షన్‌కి రెమినా వాడితే పాస్‌వర్డ్‌లు దాచే గ్నోమ్ కీరింగ్‌లో చూడండి. స్క్రీన్ దూరం నుంచి చూపించే పాత వీఎన్‌సీ పద్ధతిలో మొదటి 8 అక్షరాలే లెక్క, తర్వాత ఏం కొట్టినా ఒకటే. ఎనీడెస్క్‌లో అనటెండెడ్ పాస్‌వర్డ్ (అవతల మనిషి లేకున్నా లోపలికి వెళ్లనిచ్చేది) మర్చిపోతే అవతలి మెషిన్ దగ్గరే కొత్తది పెట్టాలి.

ఏ దారిలో సర్వర్ పాస్‌వర్డ్ మార్చినా, క్రెడెన్షియల్ మేనేజర్‌లోని పాత టెర్మ్‌సర్వ్ ఎంట్రీని వెంటనే తీసేయండి. అది ఉన్నంతకాలం రిమోట్ డెస్క్‌టాప్ పాత పాస్‌వర్డునే పంపుతుంది. లాకౌట్ పాలసీ (తప్పు పాస్‌వర్డ్‌లు మితిమీరితే అకౌంట్ మూసేసే నిబంధన) ఉన్న సర్వర్ అయితే కొన్ని ప్రయత్నాలకే అకౌంట్ లాక్ అయిపోవచ్చు.