లైనక్స్‌లో వెబ్ కోడింగుకూ స్క్రిప్టులకూ ఎడిటర్‌ను ఎంచుకునే పద్ధతి

మంచి ఎడిటర్ ఏదని అడిగితే ఎవరికి వారు తాము వాడుతున్న దాని పేరే చెబుతారు. ఆ మాటలో తప్పు లేదు, కాకపోతే అది వారి చేతి అలవాటుకూ వారి పనికీ సరిపడిన జవాబు. మీకు సరిపడేది తేలాలంటే రెండు ప్రశ్నలతో మొదలుపెట్టడం మేలు. మీరు మార్చవలసిన ఫైలు ఏ యంత్రంలో ఉంటుంది? దాన్ని సేవ్ చేసిన వెంటనే చదివే ప్రోగ్రాము ఏది: బ్రౌజరా, ఆదేశాలను నడిపే షెల్లా, పైథానా, సర్వరులో ఎప్పుడూ నడుస్తూ ఉండే మరొకటా? రంగుల థీములూ ఐకాన్లూ వీటి తర్వాతే. నా లెక్క ప్రకారం లైనక్స్ మీద పనిచేసేవారికి ఒక్క ఎడిటర్ చాలదు. ఎక్కడికి వెళ్లినా దొరికే చిన్నది ఒకటి, రోజంతా కూర్చుని పనిచేసుకోవడానికి పెద్దది ఒకటి ఉండాలి. మొదటిదాన్ని తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. రెండోదానికి రెండు వారాలైనా కేటాయించాలి.

ఎక్కడైనా దొరికేది

ఎస్ఎస్‌హెచ్ (దూరపు యంత్రాన్ని నెట్‌వర్క్ మీదుగా నడిపే పద్ధతి) ద్వారా వేరే సర్వరులోకి లాగిన్ అయినప్పుడు అక్కడ మీకు నచ్చిన ఎడిటర్ ఉండకపోవచ్చు, ఇన్‌స్టాల్ చేసుకునే అనుమతి కూడా ఉండకపోవచ్చు. అలాంటి చోట సాధారణంగా కనిపించేవి నానో, వీఐ. నానో ఏ పనికి ఏ కీ నొక్కాలో తెర అడుగునే చూపిస్తుంది కనుక అందులో నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు: కంట్రోల్‌తో ఓ నొక్కి, ఫైలు పేరు చూపినప్పుడు ఎంటర్ నొక్కితే సేవ్ అవుతుంది, కంట్రోల్‌తో ఎక్స్ నొక్కితే బయటికి వస్తారు. బిల్ జాయ్ 1976లో రాసిన వీఐ ఇప్పటి డిస్ట్రిబ్యూషన్లలో ఎక్కువగా విమ్ రూపంలోనో, దాని కుదించిన రూపంలోనో ఉంటుంది. నానో ఇష్టమైనవారు కూడా వీఐలో నాలుగు సంగతులు తెలుసుకుని ఉంచుకోవాలి. ఐ నొక్కితే రాయవచ్చు. ఎస్కేప్ నొక్కితే రాసే స్థితి నుంచి బయటికి వస్తారు. ఆ తర్వాత కోలన్ పెట్టి డబ్ల్యు, క్యూ కొట్టి ఎంటర్ నొక్కితే సేవ్ చేసి మూసుకుంటుంది. కోలన్ తర్వాత క్యూ, దాని పక్కన ఆశ్చర్యార్థకం పెడితే మార్పులేవీ ఉంచకుండా మూసుకుంటుంది. ఈ నాలుగూ రాకపోవడం వల్ల టెర్మినల్ విండోనే మూసేసి పారిపోయినవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

చిన్న కంటైనర్ (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో సహా విడిగా నడిపే పెట్టె లాంటిది) ఇమేజీలలో మాత్రం ఈ రెండూ ఉండకపోవడం మామూలే. అక్కడ ఎడిటర్‌ను ఇన్‌స్టాల్ చేయడం కన్నా ఫైలును బయట ఉంచి, ఆ డైరెక్టరీని కంటైనర్‌లోకి మౌంట్ చేసి (లోపల కూడా కనిపించేలా తగిలించి), బయటి ఎడిటర్‌తోనే మార్చుకోవడం శుభ్రమైన పద్ధతి.

ఈ చిన్న ఎడిటర్‌ను ఎంచుకున్నాక ఆ సంగతి సిస్టమ్‌కు కూడా చెప్పాలి. క్రాన్‌ట్యాబ్ (వేళకు నడిచే పనుల జాబితాను మార్చేది), విసుడో (ఎవరికి అడ్మిన్ అధికారం ఉందో రాసే ఫైలును మార్చేది), గిట్ కమిట్ (కోడ్ మార్పులను చరిత్రలో నమోదు చేసేది) వంటివి సందేశానికో మార్పుకో ఎడిటర్‌ను తెరవవలసి వచ్చినప్పుడు సాధారణంగా ఎడిటర్, విజువల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (షెల్ ప్రోగ్రాములకు అందించే విలువలను) చూస్తాయి. వాటి విలువను మీ షెల్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఒకసారి రాసుకుంటే చాలు. ఇక్కడ వీఎస్ కోడ్ వంటి గ్రాఫికల్ ఎడిటర్ పేరు రాసేవారు వెయిట్ అనే ఆప్షన్‌ను తప్పక జోడించాలి. లేకపోతే విండో తెరుచుకున్న మరుక్షణమే కమాండ్ ముగిసిపోతుంది, మీరు ఒక్క అక్షరమైనా రాయకముందే సందేశం ఖాళీగా ఉందని గిట్ కమిట్‌ను ఆపేస్తుంది.

రోజంతా వాడేది

2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను బయటపెట్టిన తర్వాత ఈ ఎంపిక స్వరూపమే మారిపోయింది. అంతకు ముందు జావాస్క్రిప్ట్‌కు మంచి సూచనలు కావాలంటే ఒక ఎడిటర్, పైథాన్‌కు కావాలంటే మరొకటి వెతుక్కోవలసి వచ్చేది. ఎందుకంటే భాషను అర్థం చేసుకునే తెలివిని ప్రతి ఎడిటర్‌లోనూ విడివిడిగా రాయవలసి ఉండేది. ఇప్పుడు ఆ తెలివి లాంగ్వేజ్ సర్వర్ అనే ప్రత్యేక ప్రోగ్రాములో ఉంటుంది. ఎడిటర్ దాన్ని అడుగుతుంది, వచ్చిన జవాబును తెరమీద చూపిస్తుంది. వీఎస్ కోడ్, నియోవిమ్, ఈమ్యాక్స్, కేట్, హీలిక్స్ అన్నీ ఈ ప్రోటోకాల్‌లో మాట్లాడగలవు. కనుక ఒకే లాంగ్వేజ్ సర్వర్‌ను పెట్టుకుంటే వేర్వేరు ఎడిటర్లలోనూ వేరియబుల్ పేరు మార్చడం, ఫంక్షన్ నిర్వచనానికి దూకడం, తప్పుల కింద గీతలు గీయడం వంటివి ఇంచుమించు ఒకే నాణ్యతతో దొరుకుతాయి. అందువల్ల పోల్చి చూడవలసింది సూచనల నాణ్యతను కన్నా చేతికి కుదిరే తీరును, తెరుచుకునే వేగాన్ని, సెట్టింగులకు పట్టే శ్రమను, ఆ ఎడిటర్ వెనుక ఉన్నవారి నిలకడను.

హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లతోనే రోజు గడిచేవారికీ, సెట్టింగుల కోసం సమయం వెచ్చించదలచుకోనివారికీ వీఎస్ కోడ్‌ను ముందుగా ప్రయత్నించమని చెబుతాను. ఈ మూడింటికీ కావలసిన సర్వర్లు దానితోనే వస్తాయి. పొట్టిరాతను ట్యాగులుగా విప్పే ఎమ్మెట్ కూడా అందులోనే ఉంది కాబట్టి యూఎల్, దాని తర్వాత పెద్దది గుర్తు, ఎల్ఐ, నక్షత్రం, 5 అని కొట్టి ట్యాబ్ నొక్కితే ఐదు అంశాల జాబితా ట్యాగులతో సహా విచ్చుకుంటుంది. అయితే రెండు విషయాలు తెలిసి దిగాలి. దాని సోర్స్ కోడ్ ఎమ్ఐటీ లైసెన్సు కింద ఉన్నా, మైక్రోసాఫ్ట్ ఇచ్చే తయారు ప్రోగ్రాముకు వేరే లైసెన్సు ఉంది, అందులో వాడకం వివరాలను మైక్రోసాఫ్ట్‌కు పంపే టెలిమెట్రీ కూడా ఉంది. అది ఇష్టం లేనివారికి అదే కోడ్ నుంచి తయారైన వీఎస్‌కోడియమ్ ఉంది, కానీ రిమోట్ ఎస్ఎస్‌హెచ్, పైథాన్ కోసం ఉన్న పైలాన్స్ వంటి కొన్ని మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్లను (అదనంగా చేర్చుకునే భాగాలను) దానితో వాడడానికి వాటి లైసెన్సు ఒప్పుకోదు. రెండో విషయం ఎక్స్‌టెన్షన్ల గురించి. మీ యూజర్ ఖాతాకు ఏ అనుమతులున్నాయో వాటితోనే అవి నడుస్తాయి, సర్వర్లలోకి ప్రవేశమిచ్చే మీ ఎస్ఎస్‌హెచ్ కీలను కూడా చదవగలవు. ఐకాన్లు బాగున్నాయని ఎక్స్‌టెన్షన్ పెట్టుకునే ముందు దాన్ని రాసినదెవరో చూడడం మంచిది.

షెల్ స్క్రిప్టులు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, సర్వరు పని ఎక్కువగా ఉండేవారికి విమ్ గానీ నియోవిమ్ గానీ శ్రమకు తగిన ఫలితం ఇస్తాయి. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్‌లోనూ, దాని కోడ్ నుంచి 2014లో చీలిన నియోవిమ్‌లోనూ కీలు అక్షరాలు రాయడానికన్నా ముందు ఆదేశాలు ఇవ్వడానికి పనిచేస్తాయి. ఒక ఉదాహరణ చూడండి. ఒక ట్యాగులో క్లాస్ అని రాసి, డబుల్ కోట్ల మధ్య నాలుగైదు పేర్లు ఉన్నాయనుకుందాం. కర్సర్ ఆ కోట్ల మధ్య ఎక్కడున్నా సరే, వరుసగా సీ, ఐ, డబుల్ కోట్ నొక్కితే లోపలి పేర్లన్నీ పోయి, కోట్లు మాత్రం మిగిలి, అక్కడే కొత్తవి రాయడానికి సిద్ధంగా ఉంటారు. డబుల్ కోట్ బదులు టీ నొక్కితే ట్యాగుకు లోపలున్న విషయమంతా అలాగే మారుతుంది. సీ అంటే మార్చు, ఐ అంటే లోపల, మూడోది దేని లోపలో చెబుతుంది. ఈ వాక్యనిర్మాణం ఒకసారి పట్టుబడితే మిగిలినవి బట్టీ పట్టనక్కరలేదు. విమ్‌తో వచ్చే విమ్‌ట్యూటర్‌ను అరగంట పాటు చేసి, ఆ వారంలో విసుగు పుట్టినా వదలకుండా చూడండి. రెండో వారంలో కూడా చెయ్యి తిరగకపోతే నిరభ్యంతరంగా మానేయండి; వీఎస్ కోడ్‌లోనూ కేట్‌లోనూ విమ్ కీలను వాడుకునే సౌకర్యం ఎలాగూ ఉంది.

ఎడిటర్‌నే తన ఇష్టం వచ్చినట్టు ప్రోగ్రామ్ చేసుకోవాలనుకునేవారి కోసం ఈమ్యాక్స్ ఉంది. 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే ఎగ్లాట్ అందులోనే ఉండడం వల్ల మొదటి రోజు కష్టం కొంత తగ్గింది. పాత కంప్యూటర్, తక్కువ మెమరీ ఉన్నవారు కేట్‌ను గానీ జీనీని గానీ చూడాలి. కేట్‌లో లాంగ్వేజ్ సర్వర్ సదుపాయం, కింద టెర్మినల్ రెండూ ఉన్నాయి. జీనీలో ఎఫ్5 నొక్కితే స్క్రిప్ట్ అక్కడికక్కడే నడుస్తుంది. సబ్లైమ్ టెక్స్ట్ వేగంలో బాగుంటుంది, కొనుక్కోవాలి.

నిలకడ సంగతి కూడా చెప్పుకోవాలి. వెబ్ కోడర్ల కోసమే వచ్చిన బ్రాకెట్స్‌కు అడోబీ మద్దతు 2021 సెప్టెంబరులో ఆగిపోయింది. ఒకప్పుడు అందరి నోటా వినిపించిన ఆటమ్‌ను గిట్‌హబ్ 2022 డిసెంబరులో ఆర్కైవ్ చేసేసింది. 1985 నాటి గ్నూ ఈమ్యాక్స్‌కు మాత్రం ఇంకా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి.

పరీక్ష పెట్టి చూడడం

రెండు మూడు పేర్లు మిగిలాక వాటి గురించి చదవడం ఆపి, మీ సొంత ఫైళ్లతోనే ఒక్కొక్కదాన్ని పరీక్షించండి. నేను ముందుగా చూసేది లైను చివర్ల విషయంలో దాని తీరు. ఒకసారి విండోస్‌లో రాసిన బ్యాకప్ స్క్రిప్ట్ ఒకటి నా చేతికి వచ్చింది. తెరిచి చూస్తే ప్రతి అక్షరమూ సరిగ్గా ఉంది, నడిపితే మాత్రం ఇంటర్‌ప్రెటర్ దొరకలేదన్న ఎర్రర్, అందులో బ్యాష్ పేరు పక్కన టోపీ గుర్తు, ఎమ్ అక్షరం. గంటసేపు పాత్‌లనూ అనుమతులనూ తిరగేశాక గానీ తెలియలేదు: విండోస్ ప్రతి లైను చివరా లైన్‌ఫీడ్‌కు ముందు క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని అక్షరాన్ని పెడుతుంది, స్క్రిప్టును ఏ ప్రోగ్రాముతో నడపాలో చెప్పే మొదటి లైనులో, అంటే షెబాంగ్‌లో, అది కూడా ప్రోగ్రాము పేరులో భాగమైపోయింది. క్యాట్ కమాండుకు హైఫన్, పెద్ద ఏ జోడిస్తే ఆ అక్షరం బయటపడుతుంది. ఈ సంగతిని ముందే చెప్పే ఎడిటర్ నాకు కావాలి. వీఎస్ కోడ్ దీన్ని అడుగు పట్టీలో చూపిస్తుంది, అక్కడే క్లిక్ చేసి మార్చుకోవచ్చు. విమ్‌లో ఫైల్‌ఫార్మాట్‌ను యూనిక్స్ అని పెట్టి సేవ్ చేస్తే సరిపోతుంది.

తర్వాతిది ట్యాబులూ ఖాళీలూ. మేక్‌ఫైలులో ఆదేశాల ముందు ట్యాబే ఉండాలి, యామ్ల్‌లో లైను ముందు జరుపుకు ట్యాబ్ అస్సలు పనికిరాదు, పైథాన్ రెండూ కలిస్తే ఊరుకోదు. ట్యాబులా ఖాళీలా అన్న నియమాలు రాసుకునే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఒకటి ప్రాజెక్టులో పెట్టి, ఈ మూడు రకాల ఫైళ్లనూ తెరిచి, అందులోని నియమాలను మీ ఎడిటర్ పాటిస్తోందో లేదో చూడండి. కొన్నింటిలో ఇది మొదటి నుంచీ ఉంటుంది, వీఎస్ కోడ్‌లో మాత్రం ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాలి.

స్క్రిప్టులు రాసేవారు వాటిలో తప్పులు పట్టే షెల్‌చెక్‌ను కూడా కలుపుకుని పరీక్షించాలి. ఒక వేరియబుల్‌ను కోట్లు లేకుండా, ఫైళ్లను చెరిపే ఆర్ఎమ్ కమాండుకు ఇచ్చే లైను రాసి చూడండి, నడపకండి. ఫైలు పేరులో ఖాళీ ఉంటే షెల్ ఆ పేరును రెండు ముక్కలు చేసి, మీరు అనుకోని రెండు ఫైళ్లను చెరిపేయబోతుంది. షెల్‌చెక్ ఉన్న ఎడిటర్ స్క్రిప్టును నడపకముందే ఆ చోట గీత గీస్తుంది.

ఎడిటర్ ఫైలును ఎలా సేవ్ చేస్తుందన్నది ఎవరూ పట్టించుకోని విషయం. కొన్ని ఎడిటర్లు పాత ఫైలులోనే తిరిగి రాస్తాయి. మరికొన్ని కొత్త ఫైలు ఒకటి రాసి, దానికి పాత పేరు పెడతాయి. రెండో పద్ధతిలో మధ్యలో కరెంటు పోయినా ఫైలు సగం సగంగా మిగలదు, కానీ ఐనోడ్ (సిస్టమ్ ఆ ఫైలును గుర్తించే సంఖ్య) మారిపోతుంది. ఆ ఒక్క ఫైలునే కంటైనర్‌లోకి మౌంట్ చేసి ఉంటే లోపలి ప్రోగ్రాముకు పాతదే కనిపిస్తూ ఉంటుంది; మార్పులను కనిపెట్టి పేజీని తిరిగి లోడ్ చేసే టూల్స్ కొన్ని మౌనంగా ఉండిపోతాయి. విమ్‌లో ఇలా జరిగితే బ్యాకప్‌కాపీ అనే సెట్టింగును యెస్ అని మార్చండి. ఫైలుకు బదులు దాని డైరెక్టరీని మౌంట్ చేయడం ఇంకా మంచిది.

రూట్ (పూర్తి అధికారం ఉన్న ఖాతా) అనుమతి కావలసిన ఫైళ్ల కోసం గ్రాఫికల్ ఎడిటర్‌ను, ఆ అధికారంతో ఆదేశాలు నడిపే సుడోతో తెరవకండి. అలా చేస్తే దాని ఎక్స్‌టెన్షన్లన్నీ రూట్‌గా నడుస్తాయి. సుడోఎడిట్ అనే కమాండ్ ఆ ఫైలుకు తాత్కాలిక ప్రతిని తీసి, మీ ఎడిటర్‌ను మీ సొంత ఖాతాతోనే తెరిచి, మీరు మూసిన తర్వాత మార్పులను అసలు చోట రాస్తుంది.

దూరపు సర్వరులోని ప్రాజెక్టును మీ తెరమీదే మార్చుకోవాలంటే వీఎస్ కోడ్ రిమోట్ ఎస్ఎస్‌హెచ్, ఈమ్యాక్స్‌లోని ట్రాంప్ రెండూ అనుకూలమైనవే. మొదటిది ఆ సర్వరులో తన భాగాన్ని ఒకటి ఇన్‌స్టాల్ చేస్తుంది, దానికి జీలిబ్‌సీ (లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) 2.28 గానీ ఆ పైది గానీ ఉండాలి, పాత సర్వర్లలో అది కుదరదు. ట్రాంప్‌కు అక్కడ మామూలు షెల్ ఉంటే చాలు. నేరుగా సర్వరులోనే విమ్ వాడుతుండగా కనెక్షన్ తెగిపోతే కంగారు పడనక్కరలేదు. మళ్లీ తెరిచినప్పుడు స్వాప్ ఫైలు (సేవ్ కాని రాతను విమ్ దాచుకునే ఫైలు) ఉందని విమ్ హెచ్చరిస్తుంది, ఆర్ నొక్కితే పోయిందనుకున్న రాత చాలావరకు తిరిగి వస్తుంది. దాన్ని సేవ్ చేశాక ఆ స్వాప్ ఫైలును తొలగించండి, లేకపోతే తెరిచిన ప్రతిసారీ అదే హెచ్చరిక.

పేజీలలో తెలుగు వంటి లిపులు ఉంటే గ్రాఫికల్ ఎడిటర్ వైపు మొగ్గడం మంచిది. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ సమానమైన గడులలో కూర్చాలని చూస్తుంది కాబట్టి చాలా టెర్మినళ్లలో ఒత్తులు, గుణింతాలు చెదిరి, కర్సర్ ఒక చోట, అక్షరం మరో చోట కనిపిస్తాయి. ఫైలు పాడైపోదు, కనిపించే తీరు మాత్రమే దెబ్బతింటుంది.

ఎంపిక పూర్తయ్యాక ఆ ఎడిటర్ సెట్టింగుల ఫైళ్లను ఒక డైరెక్టరీలోకి చేర్చి, అసలు చోట వాటికి సింబాలిక్ లింకులు (వేరే చోటి ఫైలును చూపే గుర్తులు) పెట్టి, ఆ డైరెక్టరీని గిట్‌లో ఉంచండి. కొత్త యంత్రంలో పది నిమిషాలలో మీ ఎడిటర్ మీ ముందుంటుంది. మొదటి కమిట్‌కు ముందు మాత్రం ఆ ఫైళ్లలో టోకెన్లు, పాస్‌వర్డులు ఏమైనా మిగిలి ఉన్నాయేమో ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌తో ఒకసారి చూడండి, ఎందుకంటే తర్వాత ఫైలులోంచి తీసేసినా గిట్ చరిత్రలో అవి అలాగే ఉండిపోతాయి.