పాత స్టోరేజీ కొనడం, నిలబెట్టుకోవడం – 5వ పాఠం: సున్నా చూపించినంత మాత్రాన డ్రైవు చచ్చినట్టు కాదు

పోయిన పాఠం చివర్లో "డ్రైవు తగిలించండి, సిస్టం గుర్తుపట్టిందో లేదో చూసుకోండి, తర్వాత వాడుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ ముక్కే చాలామందికి డబ్బు పోగొట్టింది. ఈ పాఠంలో డిస్క్ షెల్ఫులు (డ్రైవులు వరసగా పెట్టే పెట్టెలు), వాటి కేబుళ్ల సంగతి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి జరిపాను. డ్రైవు తగిలిస్తే సైజు సున్నా అని చూపించే గొడవ ముందు తేలాలి.

కావలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు తీస్తాడు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సర్వర్లలో వాడే సాస్ రకం 4 టీబీ డ్రైవులు ఆరు కొని, తువ్వాలులో చుట్టి, పినాకిని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. "అన్నా, ఆరుకి ఆరూ సున్నా చూపిస్తా ఉండాయి. నిలువునా ముంచేశారన్నా" అన్నాడు. నాకు ఫోన్ చేసేటప్పటికే వాటిని మళ్లీ అదే కొట్టుకి తీసుకెళ్లి సగం రేటుకి ఇచ్చేసి వచ్చాడు. తర్వాత స్క్రీన్ ఫోటో పంపాడు. అందులో కెర్నెల్, అంటే సిస్టం గుండెకాయ, రాసిన మాట స్పష్టంగా ఉంది: "అన్‌సపోర్టెడ్ సెక్టార్ సైజ్ 520". ఆ డ్రైవులు చచ్చిపోలేదు. అడిగినదానికి బదులు కూడా చెప్పాయి. అది ఎలా చదవాలో నేను చెప్పలేదు, తప్పు నాది.

డిస్కు మీద డేటా చిన్న చిన్న గదుల్లో ఉంటుంది. ఒక్కో గది ఒక సెక్టార్. మన కంప్యూటర్లకు అలవాటైన గది 512 బైట్లు. నెట్‌యాప్, ఈఎంసీ లాంటి పెద్ద స్టోరేజీ పెట్టెల్లో వాడిన డ్రైవులను 520 బైట్ల గదులతో ఫార్మాట్ చేసేవాళ్లు. ఎక్కువున్న ఆ 8 బైట్లు డేటా కోసం కాదు, లెక్క సరిచూసుకోవడం కోసం. మన రైస్ మిల్లుల్లో బస్తా మూతికి చీటీ కడతారే, అలాంటిది. లోపల ఉన్నదీ చీటీ మీద ఉన్నదీ ఒకటేనా అని పెట్టె ప్రతిసారీ చూసుకుంటుంది. డిస్కు తెలియకుండా తప్పు డేటా ఇచ్చినా అక్కడ దొరికిపోతుంది. ఆ పెట్టెకి అది ప్రాణం. అదే డ్రైవు పెట్టెలోంచి బయటికొచ్చి మన లైనక్స్ మెషీన్‌కి తగిలితే, మెషీన్ 512 కోసం చూస్తుంది, 520 కనబడుతుంది, నాకు చేతకాదని సైజు సున్నా అని రాసేస్తుంది. ఐబీఎం సర్వర్ల నుంచి వచ్చిన వాటిలో 528 కూడా ఉంటుంది. కొన్ని పెద్ద సైజు డ్రైవుల్లో 4160 కనిపిస్తుంది, అంటే 4096కి 64 కలిపారన్నమాట. అంకె ఏదైనా కథ ఒకటే.

దీన్ని ఇంత సాగదీసి చెబుతున్నానంటే కారణం ఉంది. సున్నా చూడగానే "డెడ్" అని మార్కరుతో రాసి పక్కన పడేసిన డ్రైవులు నెల్లూరులోనే ఎన్నో చూశాను. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక సర్వీసు కొట్లో అట్టపెట్టె నిండా అవే, కిలో లెక్కన తుక్కుకి వేయడానికి సిద్ధంగా ఉన్నాయి. అందులోంచి పద్నాలుగు తెచ్చుకున్నాను. పదకొండు ఇప్పటికీ తిరుగుతున్నాయి. నిజంగా చచ్చిన డ్రైవు వేరేగా ఉంటుంది. తిరగదు, లేదా టిక్కుటిక్కుమని తలకొట్టుకుంటుంది, లేదా తన సీరియల్ నంబరు కూడా చెప్పదు. పేరు, సీరియల్ నంబరు సరిగ్గా చెబుతూ సైజు మాత్రం సున్నా అంటోందంటే ముందు అనుమానించాల్సింది సెక్టార్ సైజునే.

ఇంకో సంగతి. రెయిడ్ కార్డుకి (డ్రైవులన్నిటినీ కలిపి ఒకటిగా చూపించే కార్డు) తగిలించి చూసినవాళ్లకి ఈ 520 మాట కూడా కనబడదు. రెయిడ్ కార్డు డ్రైవుని దాచేసి, తనకు నచ్చకపోతే "సపోర్ట్ చేయను" అని ఊరుకుంటుంది. మనకి కావాల్సింది హెచ్‌బీఏ, అడ్డు లేకుండా డ్రైవుని నేరుగా చూపించే కార్డు. ఎల్‌ఎస్‌ఐ 9207-8ఐ కానీ 9300-8ఐ కానీ, ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్‌తో (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్, రెయిడ్ జోలికి పోని రకం) ఉన్నది కొనండి. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొన్నది. ఆ అవాగోనే 2016లో బ్రాడ్‌కామ్‌ని కొని ఆ పేరు పెట్టుకుంది. కాబట్టి ఒకే కార్డు మీద మూడు పేర్లలో ఏది కనిపించినా కంగారు పడకండి. మదర్‌బోర్డు సాటా పోర్టులో సాస్ డ్రైవు ఎక్కదని మూడో పాఠంలోనే చెప్పాను.

ఫార్మాట్ చేసేముందు డ్రైవు ఒంట్లో ఎలా ఉందో చూడాలి. ముందే, తర్వాత కాదు. 520లో ఉన్నా స్మార్ట్‌సీటీఎల్ కమాండుకి డ్రైవు బదులిస్తుంది. నేను చూసేవి నాలుగే. తయారైన వారం, సంవత్సరం. మొత్తం తిరిగిన గంటలు. "ఎలిమెంట్స్ ఇన్ గ్రోన్ డిఫెక్ట్ లిస్ట్" అనే అంకె. చివరగా "టోటల్ అన్‌కరెక్టెడ్ ఎర్రర్స్" వరస. గంటలంటే అందరికీ భయం, నాకు లేదు. 40,000 గంటలంటే దాదాపు నాలుగున్నరేళ్లు. చల్లటి డేటా సెంటర్లో ఆగకుండా నాలుగున్నరేళ్లు తిరిగిన డ్రైవు, మన దగ్గర రోహిణీ కార్తెలో ఏసీ లేని గదిలో ఏడాది తిరిగినదానికంటే నయం. 2014లో తయారై వెయ్యి గంటలే తిరిగానని చెప్పే డ్రైవునే నేను అనుమానంగా చూస్తాను.

నాకు ముఖ్యమైనది గ్రోన్ డిఫెక్ట్ లిస్ట్. డ్రైవు వాడకంలో పాడై, పక్కన పెట్టేసిన గదుల సంఖ్య అది. సున్నా అయితే కళ్లు మూసుకుని తీసుకుంటాను. ఐదారుంటే రేటు తగ్గించమంటాను. వందలుంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. ఫార్మాట్ చేస్తే ఈ లిస్టు చెరిగిపోవచ్చు, జబ్బు మాత్రం పోదు. అందుకే ముందే చూసి, డ్రైవు మీద అంటించిన చీటీ మీద ఆ అంకె, తేదీ, సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు రాసిపెట్టుకోండి. నా దగ్గర చీటీ లేని డ్రైవు ఒక్కటీ ఉండదు.

ఇక అసలు పని. ఎస్‌జీ3 యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోండి. అందులో ఎస్‌జీ ఫార్మాట్ అనే కమాండుంది. ఎస్‌జీకీ ఫార్మాట్‌కీ మధ్య కింది గీత పడుతుంది. దానికి రెండు ఆప్షన్లు ఇవ్వాలి, ఒకటి ఫార్మాట్, రెండోది సైజు 512. 4160 డ్రైవు అయితే 512కి బదులు 4096. చివర డ్రైవు పేరు: డెవ్ కింద ఎస్‌జీ, పక్కన అంకె. ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోండి. ఆ అంకె రీబూట్ చేస్తే మారిపోవచ్చు. నిన్న ఎస్‌జీ 3 అయింది ఇవాళ ఎస్‌జీ 5 కావచ్చు. అందుకే ఈ పనికి నేను వేరే మెషీన్ పెట్టుకున్నాను. పెన్ డ్రైవులోంచి బూట్ అవుతుంది, డేటా ఉన్న డిస్కు దానికి ఒక్కటి కూడా తగిలించను. మీకు వేరే మెషీన్ లేకపోతే మిగతా డిస్కుల కేబుళ్లన్నీ పీకేయండి. సీరియల్ నంబరు చీటీతో సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి.

4 టీబీ డ్రైవుకి ఫార్మాట్ గంటల తరబడి పడుతుంది. సెకనుకి 150 ఎంబీ రాసినా మొత్తం ఒకసారి రాయడానికి ఏడు గంటల పైమాటే. పని చేసేది డ్రైవే, కంప్యూటర్ కాదు. కమాండు ఇచ్చాక మీరు విండో మూసేసినా లోపల అది నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఆరు డ్రైవులుంటే ఆరింటికీ ఒకేసారి మొదలుపెట్టొచ్చు, ఒకదాని తర్వాత ఒకటి అని కాచుకోనక్కర్లేదు. కరెంటు మాత్రం పోకూడదు.

ఒంగోలు లాయర్‌పేట నుంచి రాసిన ఆయనకి అదే జరిగింది. రాత్రి మొదలుపెట్టి పడుకున్నారు, గాలివాన వచ్చి కరెంటు పోయింది. పొద్దున చూస్తే డెబ్బై శాతం దాకా వచ్చిన డ్రైవు ఇప్పుడు ఏం చేసినా ఎర్రరే. "మీడియం ఫార్మాట్ కరప్టెడ్" అంటోంది. దాన్ని నా దగ్గరికి పంపించారు. బల్ల మీద పెట్టి కరెంటిచ్చి, పైన అరచెయ్యి ఆనించాను. సన్నగా, ఒకే తీరుగా తిరుగుతోంది, ఎక్కడా తడబాటు లేదు. పేరు చెప్పింది, సీరియల్ నంబరు చెప్పింది. మళ్లీ మొదటి నుంచి అదే ఫార్మాట్ కమాండు ఇచ్చాను. సాయంత్రానికి పూర్తయింది. మధ్యలో ఆగిన ఫార్మాట్ ఆగినచోట నుంచి సాగదు, సున్నా నుంచే మళ్లీ చేయాలి. పోయేది సమయమే, డ్రైవు కాదు.

మన ఊళ్లలో కరెంటు సంగతి మనకి తెలుసు. ఇంతసేపు నిలబెట్టడం చిన్న 600 వీఏ యూపీఎస్ వల్ల కాదు. ఇంట్లో ఇన్వర్టరుంటే అది చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే 1800 వాట్ అవర్లు. వృథా పోగా 1200 వస్తుందనుకోండి. డ్రైవు ఒక్కోటి పది వాట్ల లెక్కన ఎనిమిదికి 80, మెషీన్‌కి ఓ 60, మొత్తం 140. ఎనిమిది గంటలు లాగుతుంది. ఆ ఇన్వర్టరుకి వెనక ఉండే స్విచ్చిని మాత్రం యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే ఆ కాసేపట్లోనే మెషీన్ రీస్టార్ట్ అయిపోతుంది. ఫ్యాన్లకి తేడా తెలియదు, డ్రైవులకి తెలుస్తుంది.

సైజు సరిగ్గా చూపిస్తూ చదవడానికి మొరాయించే డ్రైవులు కూడా కొన్ని వచ్చాయని ముగ్గురు రాశారు. అవి టీ10 ప్రొటెక్షన్ పెట్టిన డ్రైవులు, అంటే సరిచూసుకునే బైట్లని గది సైజులో చూపించకుండా పక్కన దాచిపెట్టేవి. ఎస్‌జీ రీడ్‌క్యాప్ కమాండుని లాంగ్ ఆప్షన్‌తో ఇస్తే ప్రొటెక్షన్ ఉందో లేదో చెబుతుంది. ఉంటే అదే ఫార్మాట్ కమాండుకి ఎఫ్ఎంటీపీఇన్ఫో సున్నా అని కలిపి మళ్లీ ఫార్మాట్ చేయండి. తనంతట తాను ఎన్‌క్రిప్ట్ చేసుకునే డ్రైవులు ఇంకో రకం. వాటి లేబుల్ మీద పీఎస్ఐడీ అని 32 అక్షరాల కోడు ఉంటుంది. తాళం పడిన డ్రైవుని మళ్లీ మామూలు చేసుకోవాలంటే అదే దిక్కు. లేబుల్ చిరిగిపోయి ఆ కోడు లేకపోతే కొనకండి. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఫార్మాట్ అయ్యాక ఎస్‌జీ రీడ్‌క్యాప్‌తో గదుల లెక్క చూడండి. 512 బైట్ల 4 టీబీ డ్రైవుకి మామూలుగా 781,40,37,168 వస్తుంది. వేర్వేరు పెట్టెల్లోంచి వచ్చిన డ్రైవులు ఒక్కోసారి కాస్త తక్కువ చూపిస్తాయి. రేపు ఒక డ్రైవు పోయి ఇంకోటి పెట్టాలంటే, కొత్తది కొన్ని గదులు తక్కువున్నా రెయిడ్ దాన్ని ఒప్పుకోదు. అందుకని డ్రైవు మొత్తం ఇవ్వకుండా, ప్రతిదాని మీదా చివర ఒక జీబీ వదిలేసి పార్టిషన్ చేసి, ఆ పార్టిషన్లనే రెయిడ్‌కి ఇస్తాను. పొగతోటలో ఒక స్కానింగ్ సెంటర్‌కి ఎనిమిది డ్రైవులతో కట్టిన సెట్టులో ఇప్పటికి మూడు మార్చాను. ఒక్కసారి కూడా సైజు చాల్లేదన్న మాట రాలేదు. ఆ సెట్టుకి రెండు డ్రైవులు ఒకేసారి పోయినా నిలబడే రకం పెట్టాను. అలమరలో చీటీలతో రెండు స్పేర్లు ఎప్పుడూ ఉంటాయి. పాత డ్రైవులకి కంపెనీ సపోర్టు ఉండదు. ఆ అలమరే మన సపోర్టు.

ఒక మనవి. ఆ డ్రైవుల మీద అంతకుముందు ఎవరిదో డేటా ఉండి ఉంటుంది, ఆసుపత్రిదో బ్యాంకుదో. ఏముందో చూద్దామని తవ్వకండి. ఫార్మాట్ పూర్తిగా అవ్వనివ్వండి.

అభ్యాసం. 520లో ఉన్న 600 జీబీ, 2.5 అంగుళాల సాస్ డ్రైవు ఒకటి కొనండి. ఎవరికీ అక్కర్లేని సైజు, కాబట్టి చవగ్గా దొరుకుతుంది. గ్రోన్ డిఫెక్ట్ అంకె రాసుకోండి. ఫార్మాట్ మొదలుపెట్టి, ఇరవై శాతం దగ్గర కావాలనే కరెంటు తీసేయండి. మళ్లీ తగిలించి, వచ్చే ఎర్రర్ని అక్షరం అక్షరం కాగితం మీద రాసుకోండి. తర్వాత మొదటి నుంచి పూర్తిగా ఫార్మాట్ చేసి, అంకె మళ్లీ రాయండి. ఆ తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ కమాండుతో మొత్తం రాసి చదివించండి. నాలుగు నమూనాలు రాసి నాలుగుసార్లు చదువుతుంది, పది పన్నెండు గంటలు పడుతుంది. మూడోసారి అంకె రాయండి. రెండో అంకె కంటే మూడోది పెరిగితే ఆ డ్రైవు మీద ఎవరి పెళ్లి వీడియో పెట్టకండి. మూడు అంకెలూ, ఆ ఎర్రరూ ఉన్న కాగితాన్ని ఫోటో తీసి పంపండి. షెల్ఫు పాఠం మొదలుపెట్టేముందు అన్నీ చదువుతాను.