వాతావరణ నిధులపై జనం నిఘా – 3వ పాఠం: ప్రాజెక్టు పత్రం చదవడం

వర్ధమాన దేశాలు వాతావరణ మార్పుల్ని ఎదుర్కోడానికి డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్. దాని బోర్డులో 24 మంది సభ్యులని, సగం మంది సంపన్న దేశాల వాళ్లు, సగం మంది వర్ధమాన దేశాల వాళ్లని గత పాఠంలో చూశాం. పౌర సంఘాల పరిశీలకులు ఆ సమావేశాల్లో మాట్లాడొచ్చు గానీ వాళ్లకు ఓటు లేదు. ఓటు లేనివాళ్లు పత్రాలు పట్టుకునే మాట్లాడాలి. అందుకే ఈసారి ఒక పత్రం ముందేసుకుని కూర్చుందాం.

ఫండ్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌పీ084 (FP084) అనే ప్రాజెక్టు నంబరు వెతకండి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీర గ్రామాల కోసం 2018లో ఆమోదం పొందిన ప్రాజెక్టు ఇది. మడ అడవుల్ని మళ్లీ పెంచడం, పీతల పెంపకం లాంటి బతుకుతెరువులు చూపించడం ఇందులో ముఖ్యమైన పనులు. పేజీల సంఖ్య చూసి టెన్షన్ పడొద్దు. ముందు డబ్బు లెక్కల పట్టిక తీయండి. మొత్తం 13.03 కోట్ల డాలర్లు. అందులో ఫండ్ ఇచ్చే గ్రాంటు 4.34 కోట్లే! దాదాపు మూడింట రెండొంతులు మన ప్రభుత్వాల వాటా అన్నమాట. చాలామంది ఈ గడిని చూడకుండానే ముందుకెళ్లిపోతారు. నా దృష్టిలో మొత్తం పత్రంలో మనకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఫండ్ సొమ్ముకు జవాబు చెప్పాల్సింది యూఎన్‌డీపీ, అంటే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం. ప్రభుత్వ వాటా లెక్కలు మాత్రం సమాచార హక్కు చట్టం కింద మనమే అడగొచ్చు. అడిగేటప్పుడు ప్రాజెక్టు నంబరు వేసి, ఏ ఏడాది ఏ పద్దు కింద ఎంత విడుదలైంది, ఏ మండలంలో ఎంత ఖర్చయింది అని విడివిడిగా రాయండి. "తీరాభివృద్ధి వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఎవరికీ ఉపయోగపడని జవాబొస్తుంది.

ఇక రెండోది ప్రమాద శ్రేణి. ప్రాజెక్టు వల్ల జనానికి, పర్యావరణానికి ఎంత ముప్పుందో చెప్పేది ఇదే. ముప్పు ఎక్కువున్న ఎ శ్రేణి ప్రాజెక్టయితే పర్యావరణ, సామాజిక నివేదికను బోర్డు నిర్ణయానికి 120 రోజుల ముందు, ఓ మాదిరి ముప్పున్న బి శ్రేణిదైతే 30 రోజుల ముందు బయటపెట్టాలి. ఇంగ్లిష్ నివేదికను తెలుగులో చెప్పుకుని, ఊళ్లో కూర్చుని చర్చించి, అభ్యంతరం రాసి పంపడానికి 30 రోజులు ఏ మూలకూ చాలవు. ఈ గడువు పెంచమని గట్టిగా అడగాల్సిందే.

మూడోది సంప్రదింపుల భాగం. ఎవరిని, ఎక్కడ, ఏ భాషలో అడిగారో ఇందులో ఉండాలి. ఈ భాగం ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూద్దాం. మధ్య అమెరికా దేశం నికరాగ్వాలో బోసావాస్, రియో సాన్ హువాన్ అడవుల కోసం ఫండ్ 2020లో 6.4 కోట్ల డాలర్లు ఆమోదించింది. తమను సరిగా సంప్రదించలేదని, భూములు ఆక్రమిస్తున్నవాళ్ల దాడులు ఈ ప్రాజెక్టుతో ఇంకా పెరుగుతాయని స్థానికులు 2021లో ఫండ్ ఫిర్యాదుల విభాగానికి రాశారు. ప్రాణభయం ఉంది కాబట్టి వాళ్ల పేర్లు గోప్యంగానే ఉంచారు. విచారణలో ఫండ్ సొంత నిబంధనలే అమలు కాలేదని తేలింది. 2024 మార్చిలో ఫండ్ ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది.

అభ్యాసం: ఎఫ్‌పీ084లో సంప్రదింపుల పేజీలు తీసి, మన తీరంలో జరిగినట్టు రాసిన సమావేశాల ఊళ్లు, తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో మీకు దగ్గర్లో ఉన్న ఊరికి వెళ్లి, ఆ సమావేశానికి ఎవరెవరు వచ్చారో, వేటకెళ్లే కుటుంబాల ఆడవాళ్లను పిలిచారో లేదో అడగండి. వచ్చే పాఠంలో ఫిర్యాదు రాయడం మొదలుపెట్టేది ఆ కాగితంతోనే.