స్కోన్‌కి చపాతీ చెయ్యి పనికిరాదు: జనవరిలో ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళకి

మొన్న రాత్రి పన్నెండున్నరకి వీడియో కాల్. మా మేనల్లుడు. సెప్టెంబరులో శ్రీకాకుళం నుంచి చదువుకని ఇంగ్లండ్ వెళ్ళాడు. వాడికి అప్పుడు సాయంత్రం ఏడు. "మావయ్యా, ఇవి చూడు" అని ఓ ట్రే తెచ్చి ఫోన్ ముందు పెట్టాడు. పైన నల్లగా, పక్కలు తెల్లగా ఎనిమిది బిళ్ళలు. స్కోన్లట, అంటే ఇంగ్లండ్‌లో టీతో తినే, ఓవెన్‌లో కాల్చిన చిన్న బన్నుల్లాంటివి. ఒకటి తీసి బల్ల మీద కొట్టి చూపించాడు. టక్కుమంది. నాగావళిలో ఏరిన గులకరాయి కూడా అంత బాగా మోగదు.

"ఎంతసేపు పిసికావురా?" అన్నాను.

"పావుగంట. అమ్మ చపాతీలకి కలిపినట్టే కలిపాను. తర్వాత తడిగుడ్డ కప్పి గంటసేపు నానబెట్టాను."

తిట్టడానికి నోరు రాలేదు. పన్నెండేళ్ళ కింద అదే ఇంగ్లండ్‌లో, లెస్టర్ ఊళ్ళో నేను చేసిన పని కూడా ఇదే. తడిగుడ్డతో సహా.

బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, మంచి కోటు ఎక్కడ కొనాలి, ఇవన్నీ మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. అన్నం వండుకోవడం మీకు వచ్చు, రాకపోతే వారంలో అదే వస్తుంది. పోపు పెడితే పొగ అలారం మోగుతుందని కూడా వెళ్ళిన రోజే తెలిసిపోతుంది. నేను చెప్పేది స్కోన్ల గురించి, అందులోనూ గుడ్డూ పాలూ వెన్నా లేని వీగన్ స్కోన్ల గురించి. నవ్వుకోండి పర్వాలేదు. నా మొదటి మూడు నెలల్లో సగం అవమానాలు ఆ ఓవెన్ ముందే జరిగాయి.

లెస్టర్‌లో మా అద్దె ఇంట్లో ఐదుగురం, ఒకటే వంటగది. ఫ్రిజ్‌లో మనిషికి ఒక అర. ఆదివారం సాయంత్రం తలా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి కలిసి తినడం అలవాటు. నేను మొదటిసారి సేమ్యా పాయసం చేశాను. ఒకమ్మాయి వీగన్, పాలు ముట్టదు. ఒకడికి పాలు పడవు. ఇంకొకడు ఆ వేళకి తీపి తిననన్నాడు. గిన్నెడు పాయసం నేనే రెండు రోజులు తిన్నాను. మరో వారం గుజరాతీ కుర్రాడు కేకు ముక్క చేతిలో పట్టుకుని, ఇందులో గుడ్డుందా అని అందరినీ అడుగుతూ తిరిగాడు. నాకూ శనివారం గుడ్డు లేదు. అందరూ అడక్కుండా చెయ్యి చాపే తిండి ఏదని చూస్తే చివరికి మిగిలింది ఇదే. వీగన్ అనే మాట మనకి కొత్త గానీ తిండి కొత్త కాదు. చింతపండు పులిహోరలో పాలెక్కడున్నాయి, గోంగూర పచ్చడిలో గుడ్డెక్కడుంది? ఒక్కటి గుర్తుంచుకోండి, తేనె కూడా వాళ్ళు తినరు. బెల్లం తింటారు.

నెయ్యి డబ్బా సూట్‌కేసులో పెట్టొద్దని కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి తీసుకెళ్ళకూడదు. కోవా కూడా పాల పదార్థమే. అమ్మ ఏడ్చినా సరే, తీసి బయట పెట్టండి.

ఇక సామాన్లు. సెల్ఫ్ రెయిజింగ్ ఫ్లోర్ 225 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు, పంచదార 25 గ్రాములు, వీగన్ బటర్ 50 గ్రాములు, సోయా పాలో ఓట్ పాలో 150 మిల్లీలీటర్లు. పాలలో ఒక చెంచా నిమ్మరసం పిండి పక్కన పెట్టండి. సోయా పాలైతే కాస్త విరిగినట్టు చిక్కబడతాయి, అదే కావాలి. విరిగిపోయాయని పారబోసి మళ్ళీ కొనుక్కొచ్చిన మహానుభావుణ్ణి నేనే.

పిండి దగ్గర జాగ్రత్త. షెల్ఫులో మూడు రకాల సంచులు పక్కపక్కనే ఉంటాయి. ప్లెయిన్ అంటే దాదాపు మన మైదా. సెల్ఫ్ రెయిజింగ్ అంటే అందులో పొంగించే పొడి ముందే కలిపి ఉంటుంది. స్ట్రాంగ్ అని ఉన్నది బ్రెడ్డు కోసం, దాని జోలికి పోవద్దు. ఇంట్లో ప్లెయిన్ ఒక్కటే ఉంటే 225 గ్రాములకి మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, తలకొట్టి వెయ్యండి. బజ్జీల్లో వేసే వంట సోడా వేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. పచ్చగా తిరిగి సబ్బు నాకినట్టుంటుంది. వీగన్ బటర్ కూడా డబ్బాలో మెత్తగా ఉండేది కాదు, కాగితం చుట్టిన గట్టి దిమ్మ కొనండి. డబ్బాలోదానికి నీటి పాలు ఎక్కువ. దిమ్మ దొరక్కపోతే గడ్డకట్టిన కొబ్బరినూనె. మన దగ్గర డిసెంబరు పొద్దుట సీసాలోంచి రాక సతాయిస్తుందే, అలాంటిది.

పెట్టె మీద వీగన్ అని ఉన్నంత మాత్రాన పాలు పడనివాళ్ళకి పెట్టెయ్యకండి. అక్కడ పదార్థాల జాబితాలో పాలు, గోధుమ, సోయా లాంటివి ముద్దక్షరాల్లో ఉంటాయి, అది చదవండి. కింద "పాలు తగిలి ఉండవచ్చు" అనే మాట ఉందేమో చూడండి. పలాస జీడిపప్పు వేస్తే రుచి ఎక్కడికో వెళ్తుంది, నిజమే. మీ ఒక్కరికైతే వేసుకోండి. పదిమందికి పెట్టేదాంట్లో అడక్కుండా పప్పులు వెయ్యొద్దు.

ఇప్పుడు అసలు సంగతి, చెయ్యి.

గోధుమ పిండికి తడి తగిలి, పైన ఒత్తుడు పడేకొద్దీ లోపల జిగురు పుడుతుంది. గ్లూటెన్ అంటారు దాన్ని. చపాతీ సాగాలంటే, పూరీ పొంగాలంటే అదే కావాలి. మనం చిన్నప్పట్నుంచీ చూసింది ఆ పిసుకుడే. పిండి పళ్ళెం ముందుకొస్తే చాలు, మణికట్టు దానంతట అదే బిగుస్తుంది. స్కోన్‌కి అంతా తిరగబడుతుంది. జిగురు పుట్టిందా, రాయే. మీరు నానబెట్టే ఆ గంటలో ఇంకో నష్టం. బేకింగ్ పౌడర్‌కి తడి తగలగానే గాలి పుట్టడం మొదలవుతుంది. ఓవెన్‌లో పొంగించాల్సిన గాలిలో కొంత తడిగుడ్డ కిందే పోతుంది.

నాకు ఇది నేర్పింది మా ఇంటి ఓనరమ్మ. డెబ్భై దాటిన మనిషి. మొదటిసారి ఆవిడ "స్కాన్ కావాలా" అని అడిగితే, నాకేం జబ్బు కనపడిందో అని భయపడ్డాను. ఆ మాటని కొందరు స్కోన్ అంటారు, కొందరు స్కాన్ అంటారు, ఇంట్లో వాళ్ళకే కుదరదు. ఆవిడ ముందు చేతులు చన్నీళ్ళ కింద పెట్టి తుడుచుకుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్‌ని శనగగింజలంత ముక్కలు కోసి పిండిలో వేసింది. వేళ్ళ కొసలతో పట్టుకుని, నలిపి, పైకెత్తి వదిలింది. నలిపి, పైకెత్తి వదిలింది. అరచెయ్యి పిండికి తగలనివ్వలేదు, అరచెయ్యి వేడిగా ఉంటుందని. రెండు మూడు నిమిషాల్లో పిండంతా బొంబాయి రవ్వలా అయింది. అప్పుడు పంచదార కలిపి, మధ్యలో గుంట చేసి పాలు పోసింది. ఒక రెండు చెంచాలు ఆపుకుంది, అవసరమైతే చూద్దామని. నేను కలపడానికి చెయ్యి పెట్టబోతే వేళ్ళ మీద చిన్నగా కొట్టింది. బ్రెడ్డు మీద వెన్న రాసుకునే మొండి కత్తి తీసి, దాంతో కోసినట్టు అటూ ఇటూ తిప్పింది. నేను మనసులో ఇరవై లెక్కపెట్టేలోపు ఆపేసింది. ముద్ద అతుకులబొంతలా, అక్కడక్కడ పొడి పిండితో ఉంది. ఇంకా కలవలేదన్నాను. కలవక్కర్లేదంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు మా అమ్మ గవ్వలు గుర్తుకు రావాల్సొచ్చింది. సంక్రాంతికి పొడి పిండిలో కాచిన డాల్డా పోసి కలిపి, గుప్పిట పట్టి చూసేది. పట్టుకుంటే ముద్ద అవ్వాలి, వదిలితే పొడి అవ్వాలి. అప్పుడే గుల్లగా వస్తాయనేది. ఇదీ అంతే. కొవ్వు పిండికి పూతలా పడితే తడి ఎక్కువ తగలదు, జిగురు అంతగా పుట్టదు. అక్కడ కాచి పోస్తాం, ఇక్కడ చల్లగా వేస్తాం. గుల్ల మాత్రం ఒకటే.

కాబట్టి నా లెక్క రాసుకోండి. పాలు పడ్డ క్షణం నుంచి ట్రే ఓవెన్‌లోకి వెళ్ళేదాకా ఐదు నిమిషాలు, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. బల్ల మీద పడ్డాక ముద్దని పదిసార్లకి మించి తాకొద్దు. అప్పడాల కర్ర వద్దు, చేత్తోనే తట్టి అంగుళం మందాన ఆపండి. చపాతీ మందాన వత్తితే బిస్కెట్లవుతాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసుతో కోద్దామనుకుంటారు, నేనూ కోశాను. దాని అంచు మడిచి ఉంటుంది, కొయ్యదు, నొక్కుతుంది. నొక్కినచోట పొరలు అతుక్కుపోయి స్కోన్ ఒక పక్కకి ఒరుగుతుంది. గ్లాసుని గిర్రున తిప్పినా అంతే. పైగా గుండ్రంగా కోస్తే మిగిలిన ముక్కలు మళ్ళీ కలపాలి, అంటే మళ్ళీ పిసకడం. కత్తి తీసుకుని నిలువునా దించి చదరాలుగా కోసెయ్యండి. మిగిలేది ఏమీ ఉండదు.

పైన కాస్త సోయా పాలు అద్దండి, పక్కలకి కారనివ్వొద్దు. ఓవెన్ 220 డిగ్రీలు, ఫ్యాన్ ఓవెన్ అయితే 200. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు.

మా వాడివి పైన నల్లగా ఎందుకయ్యాయంటే, ఓవెన్ బొమ్మ అనుకుని గ్రిల్ బొమ్మ దగ్గర మీట పెట్టాడు. పైన వంకర గీత ఒక్కటే ఉంటే అది గ్రిల్, పైనుంచే మాడుస్తుంది. అంతకుముందు గంటసేపు ఓవెన్ వెలగలేదని కంగారుపడ్డాడట. గోడ మీద పెద్ద ఎర్ర స్విచ్ ఉంటుంది చాలా ఇళ్ళలో, అది వేస్తేనే కుక్కర్‌కి కరెంటు. కుక్కర్ అంటే అక్కడ స్టవ్వూ ఓవెనూ కలిసిన పొయ్యి, మన విజిల్ కుక్కర్ కాదు.

ఇదంతా ఒకసారి చేయించి పంపుదామని, జనవరిలో వెళ్ళే మా వీధి కుర్రాణ్ణి నిన్న ఇంటికి పిలిచాను. విజయనగరంలో మైదాకేం కొదవ, చిన్న ఓవెన్ కూడా మా ఇంట్లో ఉంది. వీగన్ బటర్ బదులు కొబ్బరినూనె ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించాం. మా వంటగది వేడికి రెండు నిమిషాల్లో కరగడం మొదలైతే గిన్నెతో సహా మళ్ళీ ఫ్రిజ్‌లోకి తోశాం. పాలు పోసేదాకా బుద్ధిగా చేశాడు. పోసీ పొయ్యగానే పిడికిలి బిగించి దింపేశాడు ముద్దలోకి. "అంకుల్, ఇంకా ఉండలున్నాయి" అంటాడు. ఉండనీరా బాబూ! చెయ్యి తియ్యి ముందు! మా ఆవిడ లోపలి నుంచి, కుర్రాణ్ణి అలా అరుస్తారేంటండీ అంది. అరవనా మరి? ఇక్కడ నేను అరుస్తాను. అక్కడ ఎవరూ అరవరు. ఒక ముక్క కొరికి, చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉందని నవ్వుతారు. మర్నాడు చెత్తబుట్టలో, ఒక్కో పంటిగాటుతో, నాలుగు కనబడతాయి. నాకు కనబడ్డాయి.

తినేటప్పుడు కత్తి వద్దు, నడుం దగ్గర చేత్తో విడదీస్తే రెండవుతుంది. మధ్యలో జామ్. అక్కడ జామ్‌తో పాటు రాసుకునే చిక్కటి మీగడ, క్లాటెడ్ క్రీమ్, పాలదే కాబట్టి మన లెక్కలో లేదు, టిన్నులో కొబ్బరి పాలు ఫ్రిజ్‌లో పెడితే పైన తేలే మీగడ వాడుకోండి. ఇంగ్లండ్‌లోనే డెవాన్ ప్రాంతం వాళ్ళు ముందు క్రీమ్ రాసి పైన జామ్ వేస్తారు, పక్కనున్న కార్న్‌వాల్ వాళ్ళు ముందు జామ్. ఆ తగువులోకి దిగకండి, ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళలాగే తినండి. ఆ రోజే తినెయ్యాలి, మర్నాటికి గట్టిపడతాయి.

మా అక్క శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి, "గుంటడు ఏటి తింతన్నాడో ఏటో, రాళ్ళు కాల్చుకుంటన్నాడంట" అని ఒకటే బెంగ. ఏమీ కాదులే అక్కా అన్నాను. నిజంగానే ఏమీ కాదు. పిండీ పంచదారే కదా, పోతే పౌండో రెండు పౌండ్లో పోతుంది. నావి నాలుగోసారికి కుదిరాయి, నాకే కుదిరాయంటే ఎవరికైనా కుదురుతాయి.

రాత్రి మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి కొట్టి చూపించలేదు, విడదీసి చూపించాడు. లోపల తెల్లగా, పొరపొరగా, ఆవిరి వస్తోంది. రెండు ఒక పక్కకి ఒరిగాయి. "ఇలా ఉంటే బాగోదా మావయ్యా?" అంటాడు. బాగానే ఉన్నాయి, మా ఓనరమ్మవీ ఒరిగేవి. తినరా, చల్లారిపోతాయి, తిన్నాక ఆ ఎర్ర స్విచ్ ఆపు అన్నాను.