సర్వర్ దగ్గరికి వెళ్లకుండానే ఓఎస్ ఎక్కించడం: బీఎంసీ నుంచి బాండింగ్ దాకా

సర్వర్లు ర్యాక్‌లో బిగించారు, కేబుళ్లు పెట్టారు. ఇక మిగిలిన పనంతా దూరం నుంచే. ఒకటి రెండు మిషన్లయితే బీఎంసీలో (సర్వర్‌ను దూరం నుంచి నడిపించేది, వివరం కింద) వర్చువల్ మీడియా కింద ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ డిస్కు ఫైలు) తగిలించి, కన్సోల్‌లో నొక్కుకుంటూ పోవచ్చు. కాకపోతే దూరపు లింకు మీద అది నత్తనడక నడుస్తుంది. పది దాటితే పీఎక్స్ఈయే (నెట్‌వర్క్ నుంచే మిషన్‌ను బూట్ చేసే పద్ధతి) మేలు. ఇక్కడ చెప్పేది ఉబుంటు సర్వర్ 24.04ను యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) మోడ్‌లో పీఎక్స్ఈ ద్వారా ఎక్కించే పద్ధతి.

మొదట బీఎంసీ సంగతి తేల్చుకోండి. డెల్‌లో ఐడ్రాక్ అన్నా, హెచ్‌పీఈలో ఐలో అన్నా ఇదే: మదర్‌బోర్డు మీద వేరుగా నడిచే చిన్న కంప్యూటర్. సర్వర్ ఆపేసి ఉన్నా, కరెంటు అందుతున్నంత వరకు పలుకుతుంది. దీన్ని డెడికేటెడ్ పోర్టు మీదే పెట్టండి. కేబుల్ కలిసొస్తుందని షేర్డ్ పోర్టు వాడితే, అదే కార్డు సెట్టింగులు మారుస్తుండగా లింకు పడిపోయి బీఎంసీ కూడా పోతుంది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. బీఎంసీలకు విడిగా ఒక వీలాన్ (అదే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్) ఇవ్వండి, ఇంటర్నెట్‌కు మాత్రం ఎప్పుడూ తెరవొద్దు. ఐపీఎంఐటూల్ (ఐపీఎంఐ ప్రోటోకాల్‌లో బీఎంసీకి ఆదేశాలిచ్చే కమాండు) వాడాలంటే బీఎంసీలో ఐపీఎంఐ ఓవర్ లాన్ ఆన్‌లో ఉండాలి, యూడీపీ 623 తెరిచి ఉండాలి, ఇంటర్‌ఫేస్ లాన్‌ప్లస్ అని చెప్పాలి.

తర్వాత నెట్‌వర్క్ కార్డు. యూఈఎఫ్ఐలో పీఎక్స్ఈ ఏ కార్డు ఏ పోర్టు నుంచి జరగాలో డెల్‌లోనైతే బయోస్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో, పీఎక్స్ఈ డివైస్ 1 దగ్గర చెప్పాలి. కార్డు మెనూలో కనిపించే లెగసీ బూట్ ప్రోటోకాల్ పాత బయోస్ మోడ్‌కే పనికొస్తుంది. అది మార్చి యూఈఎఫ్ఐలో బూట్ కాలేదని గింజుకునేవాళ్లు చాలామందే. ఐడ్రాక్ నుంచి మార్చిన సెట్టింగు అప్పటికప్పుడు అమలు కాదు. పెండింగ్‌లో ఉంటుంది, దానికి ఒక జాబ్ సృష్టించి రీబూట్ చేస్తేనే పడుతుంది. మెలనాక్స్ వీపీఐ కార్డయితే (ఇన్ఫినీబ్యాండ్, ఈథర్నెట్ అనే రెండు రకాల నెట్‌వర్క్‌లకూ పనికొచ్చేది) పోర్టు ఇన్ఫినీబ్యాండ్‌లో ఉందేమో చూడండి: లింక్ టైప్ 1 అంటే ఇన్ఫినీబ్యాండ్, 2 అంటే ఈథర్నెట్. 25జీ పోర్టులో లింకు లైటే వెలగకపోతే కేబుల్‌ను తిట్టే ముందు కార్డులోనూ స్విచ్‌లోనూ ఎఫ్ఈసీ (లింకులో వచ్చే తప్పులు సరిదిద్దే పద్ధతి) ఒకటే ఉందా చూడండి.

పీఎక్స్ఈ ఫెయిలయితే అందరూ డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే) సర్వర్ మీద పడతారు. తప్పు తరచు స్విచ్‌లో ఉంటుంది, ముఖ్యంగా మూడు చోట్ల. ఒకటి స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా చూసేది): లింకు లేచాక పోర్టు లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు కూర్చుంటుంది. ఆ అరనిమిషంలో కార్డు డీహెచ్‌సీపీ కోసం అడిగీ అడిగీ విసిగిపోతుంది. పాత బయోస్‌లో పీఎక్స్ఈ-ఈ51, యూఈఎఫ్ఐలో పీఎక్స్ఈ-ఈ16 అని పడితే ముందు స్విచ్ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ (ఈ నిరీక్షణ లేకుండా చేసే సెట్టింగు) పెట్టి చూడండి. రెండోది ఎల్ఏసీపీ, అంటే కొన్ని లింకులను కలిపి ఒకటిగా కట్టే ప్రోటోకాల్. ఫర్మ్‌వేర్‌కు ఎల్ఏసీపీ మాట్లాడటం రాదు కాబట్టి పోర్ట్ చానెల్‌లో (అలా కట్టిన గుంపులో) ఉన్న పోర్టును స్విచ్ సస్పెండ్ చేసేస్తుంది. నెక్సస్‌లో సస్పెండ్ ఇండివిడ్యువల్ తీసేయాలి, అరిస్టాలో ఎల్ఏసీపీ ఫాల్‌బ్యాక్ పెట్టాలి. మూడోది వీలాన్. మామూలుగా పీఎక్స్ఈ ఫ్రేములు ట్యాగ్ లేకుండా వస్తాయి, అందుకని ట్రంక్ (పలు వీలాన్లు మోసే) పోర్టులో నేటివ్ (ట్యాగ్ లేని) వీలాన్‌గా ఇన్‌స్టాలేషన్ వీలాన్‌నే ఉంచండి. డీహెచ్‌సీపీ సర్వర్ వేరే సబ్‌నెట్‌లో ఉంటే గేట్‌వే మీద రిలే (అభ్యర్థనను ఆ సర్వర్‌కు చేరవేసేది) మరచిపోకండి.

బూట్ ఫైళ్లు ఇచ్చే సర్వర్ వైపు డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం ఒక్కటి చాలు, డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపే చిన్న ప్రోటోకాల్) రెండూ చూసుకుంటుంది. క్లయింటు పంపే ఆప్షన్ 93ను (అది ఏ రకం మిషనో చెప్పే డీహెచ్‌సీపీ ఫీల్డును) బట్టి ఫైలు ఇవ్వాలి: 0 అంటే పాత బయోస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్ఐ, 11 అంటే 64 బిట్ ఆర్మ్. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే అనుమతించేది) ఉంటే ముందు సంతకం ఉన్న షిమ్ (తొలి చిన్న బూట్‌లోడర్) వెళ్లాలి. అది అదే ఫోల్డర్‌లో గ్రబ్ (కెర్నెల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) ఫైలును నిర్ణీత పేరుతో వెతుకుతుంది. ప్యాకేజీలో వచ్చే నెట్‌వర్క్ గ్రబ్ పేరు వేరు. కాపీ చేసేటప్పుడు పేరు మార్చకపోతే షిమ్ దాకా వచ్చి ఆగిపోతుంది. ఫైర్‌వాల్‌లో యూడీపీ 69 తెరిస్తే చాలదు. టీఎఫ్‌టీపీ జవాబు వేరే పోర్టు నుంచి వస్తుంది, కాబట్టి దాని కనెక్షన్ ట్రాకింగ్ హెల్పర్ కూడా కావాలి. టీఎఫ్‌టీపీ మీద బూట్‌లోడర్, కెర్నెల్, ఇనిట్ఆర్‌డీ (కెర్నెల్ మొదట వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్) మాత్రమే పంపి, ఐఎస్ఓను హెచ్‌టీటీపీ మీద ఇవ్వండి.

ఆ ఐఎస్ఓ మొత్తం ర్యామ్‌లోకే దిగుతుంది. సైజు 2.5 జీబీకి పైనే కాబట్టి 4 జీబీ వర్చువల్ మిషన్ మీద రిహార్సల్ వేస్తే మధ్యలో చతికిలపడొచ్చు, 8 జీబీ ఇవ్వండి. కెర్నెల్ లైన్‌లో ఆటోఇన్‌స్టాల్ అనే మాట లేకపోతే డిస్కు ముట్టుకునే ముందు అవునా కాదా అని అడుగుతూ ఆగుతుంది. నోక్లౌడ్ డేటాసోర్స్ (ఇన్‌స్టాలేషన్ కాన్ఫిగరేషన్ దొరికే చోటు) చిరునామాకు ముందు వచ్చే సెమీకోలన్‌ను కోట్స్‌లో పెట్టాలి. లేకుంటే గ్రబ్ దాన్ని కమాండు ముగింపు అనుకుని అక్కడే తెంపేస్తుంది, కాన్ఫిగరేషన్ చిరునామా కెర్నెల్‌కు చేరదు. చిరునామా చివర స్లాష్ ఉండాలి. ఆ చిరునామాలో ఉంచే యూజర్ డేటా (ఇన్‌స్టాలేషన్ కాన్ఫిగరేషన్) ఫైలు మొదటి లైను హ్యాష్ గుర్తుతో మొదలయ్యే క్లౌడ్ కాన్ఫిగ్ అన్న మాటే కావాలి. మెటా డేటా ఫైలు ఖాళీదైనా సరే పక్కన పెట్టండి.

డిస్కును ఎస్‌డీఏ అని పేరుతో ఎంచుకోవద్దు. బూట్ బూట్‌కూ ఆ పేర్లు మారవచ్చు, శాన్ (నెట్‌వర్క్ మీద ఉండే స్టోరేజీ) నుంచి వచ్చిన డిస్కే ఎస్‌డీఏ అయి కూర్చోవచ్చు. సీరియల్ నంబరుతో మ్యాచ్ చేయండి. వీలైతే ఇన్‌స్టాలేషన్ అయ్యేదాకా శాన్ పోర్టులు ఆపేయించండి.

ఇప్పుడు బూట్. ఐపీఎంఐటూల్‌లో బూట్ డివైస్ పీఎక్స్ఈ అని ఊరికే ఇస్తే చాలా మిషన్లు లెగసీ మోడ్‌కి పోతాయి. ఆప్షన్లలో ఈఎఫ్ఐబూట్ చేర్చాలి. ఈ ఆదేశం ఒక్కసారికే. ఐపీఎంఐ ప్రకారం 60 సెకన్లలో రీసెట్ జరగకపోతే చెల్లకుండా పోతుంది కూడా, అందుకని వెంటనే పవర్ సైకిల్ కొట్టండి. పీఎక్స్ఈని బూట్ ఆర్డర్‌లో శాశ్వతంగా మొదట పెడితే ఇన్‌స్టాలేషన్ అయిన మిషన్ మళ్లీ మళ్లీ తుడుచుకుని మొదటికొస్తుంది. స్క్రీను సీరియల్ ఓవర్ లాన్‌లో (బీఎంసీ ద్వారా అందే టెక్స్ట్ కన్సోల్‌లో) చూడాలంటే కెర్నెల్ లైన్‌లో సీరియల్ కన్సోల్ 115200 వేగంతో ఇవ్వండి. తెర నల్లగా ఉంటే పోర్టు నంబరు 0 బదులు 1 పెట్టి చూడండి.

ఓఎస్ లేచాక నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగుల సాధనం). కార్డులను పేరుతో కాక మ్యాక్ అడ్రసుతో మ్యాచ్ చేయండి. మామూలు ఐపీ మార్పులకు నెట్‌ప్లాన్ ట్రై వాడితే 120 సెకన్లలో మీరు ఒప్పుకోకపోతే పాతదానికి వెనక్కి వెళ్తుంది. బాండ్ (కొన్ని పోర్టులను ఒకటిగా కట్టడం) పారామీటర్ల విషయంలో మాత్రం ఆ రక్షణ పనిచేయదు, అందుకని బాండ్ మార్పులు సీరియల్ కన్సోల్‌లో కూర్చునే చేయండి. మోడ్ 802.3ఏడీ, ఎంఐఐ మానిటర్ (లింకు తనిఖీ) 100 మిల్లీసెకన్లు, ఎల్ఏసీపీ రేటు ఫాస్ట్ పెడితే చాలావాటికి సరిపోతుంది. జంబో ఫ్రేములు (9000 బైట్ల పెద్ద ప్యాకెట్లు) వాడితే 8972 బైట్లతో, ముక్కలు చేయవద్దనే ఆప్షన్‌తో పింగ్ కొట్టండి. ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 కలిపితే 9000. చివరగా స్విచ్‌లో ఒక పోర్టు షట్ చేసి పింగ్ నడుస్తుందా చూసి, దాన్ని తెరిచాక రెండోది షట్ చేసి చూడండి.