బడిపిల్లల మూత్రంలో షిస్టోసోమా: స్ట్రిప్పుతో మొదలుపెట్టి గుడ్డు దాకా

విశాఖపట్నం బళ్లలో షిస్టోసోమా జబ్బు కోసం క్యాంపులు పెట్టాల్సిన పని లేదు. మూత్రాశయం చుట్టూ రక్తనాళాల్లో కాపురం పెట్టే షిస్టోసోమా హెమటోబియం ప్రధానంగా ఆఫ్రికా పురుగు. దాని గుడ్లు మూత్రంలో పడతాయి, వాటితోపాటు రక్తమూ వస్తుంది. బులైనస్ జాతి నత్తలున్న చెరువుల్లో, కాలువల్లో దిగిన పిల్లలకు చర్మంలోంచి ఎక్కుతుంది. ఉప్పునీటిలో ఆ నత్తలు బతకవు కాబట్టి ఆర్కే బీచ్‌కి దీనితో సంబంధం లేదు. టాంజానియా, నైజీరియా వైపు ఉద్యోగాలకు వెళ్లే ల్యాబ్ టెక్నీషియన్లకు ఇది పనికొస్తుంది. అక్కడ పెరిగి ఇక్కడి బడిలో చేరిన పిల్లల శాంపిల్ వచ్చినా పద్ధతి ఇదే.

అసలు కిటుకు శాంపిల్ తీసే వేళలో ఉంది. ఉదయం లేవగానే పట్టిన మూత్రం తెమ్మనడం మనకు అలవాటు; ఇక్కడ అది పనికిరాదు. గుడ్లు ఎక్కువగా పడేది మధ్యాహ్నం చుట్టూ, అందుకే 10 నుంచి 2 గంటల లోపే పట్టించాలి. ముందు పిల్లల్ని కాసేపు నడిపించండి, మెట్లెక్కించండి. పరుగు పందేలు మాత్రం వద్దు, విపరీతంగా పరిగెత్తినా మూత్రంలో రక్తం కనబడొచ్చు. కల్చర్‌కి, అంటే బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, మధ్యధార అడుగుతాం కదా, దీనికి ఆఖరి చుక్కలే ముఖ్యం. మొత్తం పట్టమని చెప్పండి. నంబరు డబ్బా మీద రాయాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. బ్లీచింగ్‌తో కడిగిన డబ్బా వాడితే రక్తం లేకపోయినా స్ట్రిప్పు రంగు మారుతుంది.

ముందు స్ట్రిప్పు, అంటే మూత్రంలో రక్తం ఉంటే రంగు మారే పట్టీ. డబ్బాను నెమ్మదిగా తిప్పి కలిపి, స్ట్రిప్పు ముంచి తీసి, అంచుకు రాసి అడ్డంగా పట్టుకోండి. రక్తం గడిని స్ట్రిప్పుల సీసా మీద రాసిన సమయానికే చూడాలి, చాలా బ్రాండ్లకు అది 60 సెకన్లు. రెండు నిమిషాల తర్వాత ముదిరిన రంగును లెక్కలోకి తీసుకోవద్దు. మన ఊరి తేమగాలికి మూత తీసి ఉంచిన సీసా త్వరగా పాడవుతుంది. ఒక్కో స్ట్రిప్పు తీయగానే మూత బిగించండి. నెలసరిలో ఉన్న అమ్మాయిలకు పాజిటివ్ రావడం మామూలే, ఆ సంగతి టీచరమ్మ చేత చాటుగా అడిగించాలి. విటమిన్ సి మాత్రలు మింగినవాళ్లకు ఉన్న రక్తం కూడా కనబడకపోవచ్చు.

స్ట్రిప్పు చెప్పేది రక్తం సంగతే. పురుగు సంగతి తేల్చేది ఫిల్టరు. శాంపిల్‌ను మళ్లీ కలపండి, లేకపోతే గుడ్లు అడుగునే ఉండిపోతాయి. 10 మి.లీ. సిరంజిలోకి లాగి, 12 మైక్రాన్ల రంధ్రాల పొర అమర్చిన హోల్డర్ గుండా మెల్లగా తోయండి. తర్వాత సిరంజి నిండా గాలి తీసుకుని ఒకసారి తోస్తే మిగిలిన నీరు పోతుంది. పొరను ఫోర్సెప్స్‌తో ఎత్తి, మూత్రం పడిన వైపు పైకి ఉండేలా స్లైడ్ మీద పరిచి, గుడ్లకు రంగెక్కించే లూగోల్స్ అయోడిన్ ఒక చుక్క వేసి, మైక్రోస్కోపు 10ఎక్స్ కింద పొర మొత్తం చూడండి. నాలుగు ఫీల్డులు చూసి వదిలేస్తే తక్కువ గుడ్లున్న పిల్లలు తప్పిపోతారు. గుడ్డు పొడవు 110–170 మైక్రాన్లు, ఒక కొసన చిన్న ముల్లు. ముల్లు పక్కన ఉంటే అది పేగుల జాతి షిస్టోసోమా మాన్సోని. లెక్క 10 మి.లీ.కి రాయాలి, 50, ఆ పైన ఉంటే తీవ్రమైనదని అర్థం.

రక్తం చిక్కగా ఉంటే పొర మూసుకుపోతుంది. బలంగా తోస్తే చిరిగి గుడ్లు జారిపోతాయి. రెండు పొరల మీద సగం సగం వడకట్టి కలిపి లెక్కించండి. శాంపిల్‌ను ఎండలో ఉంచొద్దు, నీళ్లు కలపొద్దు. గుడ్లు పగిలి లోపలి పురుగు పిల్ల బయటికొస్తే లెక్కించడానికేం మిగలదు. ఆ రోజే చూడలేకపోతే 100 మి.లీ.కి 1 మి.లీ. ఫార్మలిన్ కలపండి, అదీ స్ట్రిప్పు పరీక్ష అయ్యాకే.

గుడ్లు కనబడితే డాక్టరు ఇచ్చే మందు ప్రాజిక్వాంటెల్, కిలోకి 40 మి.గ్రా. ఒకే మోతాదు. 30 కిలోల పిల్లాడికి 600 మి.గ్రా. మాత్రలు రెండు, అన్నం తిన్నాక. విదేశం ముఖం చూడని విశాఖ పిల్లాడికి స్ట్రిప్పులో రక్తం వస్తే మాత్రం ఈ పురుగు మీదికి తోసేయకండి. కొన్ని రోజులాగి మళ్లీ పరీక్షించి, అప్పుడూ రక్తం ఉంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగానికి పంపండి. ప్రొటీన్ కూడా ఉన్నా, మొహం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా ఆ రోజే పంపాలి; అది కిడ్నీ వ్యవహారం.