నార్మండీ వాతావరణ నిర్ణయాన్ని తరగతిలో సాధన చేయించే విధానం

కాకినాడ, అమలాపురం కళాశాలల్లో 1944లో, రెండో ప్రపంచయుద్ధంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సు తీరమైన నార్మండీపై మిత్రపక్షం (బ్రిటన్, అమెరికా తదితర దేశాలు) చేసిన దాడిని బోధించే అధ్యాపకులు సేనల సంఖ్యతో కాక వాతావరణంతో మొదలుపెట్టడం మంచిది. వాయుగుండం మాట వినగానే పడవలను ఒడ్డుకు చేర్చే తీరంలో పెరిగిన విద్యార్థులకు ఆ చర్చ త్వరగా అందుతుంది.

వాతావరణ సూచనను చూపకముందే, దాడికి ఏ పరిస్థితులు కావాలో రాయించండి. జర్మన్లు తీరంలో పాతిన అడ్డంకులు కనబడేలా తెల్లవారిన కొద్దిసేపటికి నీరు తీసి ఉండాలి, ముందు రాత్రి పారాషూట్లతో దిగే దళాలకు వెన్నెల ఉండాలి, గాలీ అలలూ మేఘాలూ హద్దు దాటకూడదు. ఆటుపోట్లను, పౌర్ణమిని నెలల ముందే లెక్కగట్టవచ్చునని ఉప్పాడ మత్స్యకారులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ లెక్క ప్రకారం తేలినవి జూన్ 5, 6, 7 తేదీలు. గాలి, మేఘాల సంగతి మాత్రం అంచనాయే కనుక దానిని వేరే కాగితం మీద రాయించాలి.

తర్వాత తరగతిని మూడు జట్లు చేయండి: బ్రిటిష్ వాతావరణ శాఖ, బ్రిటిష్ నౌకాదళం, అమెరికన్ వైమానిక దళం. వాస్తవంలోనూ ఈ మూడింటికీ పొసగలేదు. 5వ తేదీ అనుకూలమేనని అమెరికన్లు అంటే, బ్రిటిష్ వాతావరణ శాఖ ఒప్పుకోలేదు. ఆ వాదనలన్నిటినీ ఒక్క మాటగా కుదించి మిత్రపక్ష సర్వసేనాని ఐసెన్‌హోవర్‌కు చెప్పవలసిన బాధ్యత గ్రూప్ కెప్టెన్ జేమ్స్ స్టాగ్‌ది. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన పాత్ర అదే; దానిని నిదానస్తుడైన విద్యార్థికి అప్పగించండి.

సమాచారం ఎవరి చేతిలో ఉందో కూడా అడగాలి. తటస్థ దేశమైన ఐర్లాండు పశ్చిమ తీరంలోని బ్లాక్‌సాడ్ వాతావరణ కేంద్రం పరిశీలనలు మిత్రపక్షానికి అందేవి. అట్లాంటిక్ మీది కబుర్లు అంతగా అందని జర్మన్లు వాతావరణం బాగుపడదనుకున్నారు. ఆ తీర రక్షణ చూస్తున్న జర్మన్ సేనాని రోమెల్ తన భార్య పుట్టినరోజుకు ఇంటికి వెళ్లాడు. 1839లో ఉప్పెన కోరంగిని ముంచినప్పుడు మన తీరానికీ సముద్రం మీది కబురు తెచ్చే సాధనం లేదు.

5న జరగవలసిన దాడిని జూన్ 4 తెల్లవారుజామున ఒక రోజు వాయిదా వేశారు. ఆ రాత్రి స్టాగ్ 6వ తేదీకి కొద్దిపాటి తెరిపి ఉంటుందని చెప్పగా, ఐసెన్‌హోవర్ 5న తెల్లవారకముందే దానిని ఖాయం చేశాడు. అప్పుడు కాదంటే ఆటుపోట్లు మళ్లీ కలిసివచ్చేది 19వ తేదీ ప్రాంతంలో, అదీ వెన్నెల లేకుండా. ఆగాలా, కదలాలా అన్నది విద్యార్థులు రాసి ఇచ్చాకే, 19న మొదలైన పెనుగాలి నార్మండీలోని ఒమాహా తీరంలో మిత్రపక్షం కట్టిన కృత్రిమ రేవును ధ్వంసం చేసిన సంగతి చెప్పండి. మార్కులు మాత్రం జూన్ 4 రాత్రికి తెలిసిన విషయాలతో చేసిన వాదనకే వేయాలి. ఆ పెనుగాలిని సాక్ష్యంగా తెచ్చిన జవాబును వెనక్కి ఇచ్చి, తిరిగి రాయించండి.